పాప మొహానికీ బాబు నడుముకీ ఒకే ట్యూబ్: ముందు దాని వెనకాల ఏం రాసుందో చదవండి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఎనిమిదో తరగతి చదివే పాపకి మొటిమలొస్తే మెడికల్ షాపులో అడిగి ఒక ట్యూబ్ తెచ్చారు, వారం తిరక్కుండానే మొహం నున్నగా తెల్లగా అయిందని అందరూ సంతోషపడ్డారు, మూడు నెలలు రాశాక ట్యూబ్ అయిపోయి రెండ్రోజులు రాయకపోయేసరికి మొహమంతా కందిపోయి మండుతోంది, ముందు లేనన్ని మొటిమలు గుంపుగా లేచాయి. ఏడేళ్ళ బాబుకి నడుం చుట్టూ తామర వస్తే దానికీ అదే రాశారు, నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి రెట్టింపై వస్తోంది. దసరా సెలవులకి మీ అక్కగారి అబ్బాయి హాస్టల్ నుంచి వచ్చి పది రోజులుండి వెళ్ళాడు, ఇప్పుడు నెల దాటాక రాత్రయితే ఇంట్లో అందరూ గోక్కుంటున్నారు. "పిల్లల రక్తం చెడిపోయిందా, వేడి చేసిందా, పథ్యం పెట్టాలా, సున్నిపిండి రుద్దితే తగ్గుతుందా" అని అడిగారు.

రక్తం ఏమీ చెడిపోలేదమ్మా. ఇరవై ఏళ్ళకి పైగా చర్మవ్యాధులు చూస్తున్నా, మీ ఇంట్లో జరిగినట్టే జరిగిన ఇళ్ళు ప్రతి వారం నా ఓపీకి వస్తుంటాయి. మీ ఇంట్లో ఉన్నవి మూడు వేరు వేరు సమస్యలు, వాటిలో రెండింటికి ఒకటే ట్యూబ్ రాశారు, ఆ ట్యూబే నాలుగో సమస్య అయి కూర్చుంది.

ఆ ట్యూబ్ తీసి వెనక్కి తిప్పండి. ముందువైపు ఉన్న పెద్ద పేరు వదిలేయండి, వెనకాల చిన్న అక్షరాల్లో మందు పేర్లుంటాయి, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మొమెటాసోన్, బెక్లోమెథాసోన్, ఫ్లూసినోలోన్ వీటిలో ఏ ఒక్కటి కనపడినా అది స్టెరాయిడ్ క్రీమే. మన షాపుల్లో ఎక్కువ అమ్ముడుపోయే ట్యూబుల్లో ఒక స్టెరాయిడు, ఒక యాంటీబయోటిక్కు, ఒక ఫంగస్ మందు మూడూ కలిపి ఉంటాయి, ఏ జబ్బో తెలుసుకోకుండా అన్నిటికీ పనికొస్తుందని ఇచ్చేస్తారు. మొహం తెల్లబడ్డానికని ఇచ్చేవాటిలో అయితే హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్‌తో పాటు మొమెటాసోన్ కలిపి ఉంటుంది, అది పెద్దవాళ్ళ మంగు మచ్చలకి డాక్టర్ చూసి కొన్ని వారాలకి మాత్రమే ఇచ్చే మందు, పదమూడేళ్ళ పిల్ల రోజూ రాసుకునే క్రీమ్ కాదు. 2018లోనే కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. కానీ ఇప్పటికీ అడిగితే ఇచ్చేస్తున్నారు, మనమూ అడుగుతూనే ఉన్నాం.

స్టెరాయిడ్ అంటే విషం అని మాత్రం అనుకోవద్దు, ఆ భయం కూడా పిల్లలకి చేటే. ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు) ఉన్న పిల్లాడికి తక్కువ పవర్‌ది, సరైన చోట, సరైన రోజులు రాస్తే అంతకన్నా మంచి మందు లేదు, నేనూ రాస్తాను. దాని పని ఏంటంటే చర్మంలో వాపునీ ఎరుపునీ దురదనీ అణచడం, అందుకే ఏ జబ్బుకి రాసినా మొదటి నాలుగు రోజులు తగ్గినట్టే ఉంటుంది. కానీ అణచేది శరీరం చేసే పోరాటాన్ని, ఫంగస్‌ని కాదు పురుగునీ కాదు, అవి లోపల హాయిగా పెరుగుతుంటాయి. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, సన్నటి ఎర్ర రక్తనాళాలు పైకి కనపడతాయి, మొహం మీద నూగు పెరుగుతుంది, స్టెరాయిడ్ వల్లే కొత్త మొటిమలొస్తాయి, తొడల మీద గజ్జల్లో అయితే చారలు పడతాయి. పదో తరగతి అబ్బాయి ఒకడు గజ్జల్లో తామరకి ఏడాది పాటు ఎవరికీ చెప్పకుండా ఇలాంటిదే రాసుకుని నా దగ్గరకి వచ్చాడు, తామర తగ్గించాను గానీ ఆ వెడల్పాటి చారలు మాత్రం పోవు, అవి జీవితాంతం ఉంటాయి. పసిపిల్లలకి ఇంకా ప్రమాదం, వాళ్ళ బరువుకి చర్మం ఎక్కువ కాబట్టి మందు ఒంట్లోకి ఎక్కువ ఇంకుతుంది, పైగా డైపర్ కింద అయితే మూత పెట్టి రాసినట్టే. డైపర్ రాష్‌కి క్లోబెటాసోల్ నెలల తరబడి రాసి బుగ్గలు ఉబ్బిపోయి, ఎదుగుదల ఆగిపోయిన బిడ్డల్ని చూశాను, వాళ్ళమ్మలు పిల్ల బొద్దుగా ఉందనే అనుకున్నారు.

ఇప్పుడు పాప సంగతి. క్రీమ్ ఆపగానే మొహం మండడం, ఎర్రబడడం, పొక్కులు రావడం, దీన్ని మన దేశంలో చర్మ డాక్టర్లు ఎంత ఎక్కువ చూస్తున్నారంటే దీనికి స్టెరాయిడ్‌తో పాడైన మొహం అని ప్రత్యేకంగా పేరే పెట్టారు. ఇక్కడే అందరూ చేసే తప్పు ఒకటుంది, ఆపితే ఎక్కువైంది కదా అని మళ్ళీ అదే ట్యూబ్ మొదలుపెడతారు, రెండ్రోజుల్లో తగ్గుతుంది, ఇక దాన్నుంచి బయటికి రాలేరు. దయచేసి మళ్ళీ మొదలుపెట్టకండి. ఈ మంట కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు పడుతుంది, కానీ తగ్గుతుంది. ఈ వారంలోనే స్కిన్ డాక్టర్‌కి చూపించండి, జిల్లా ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంటుంది, బోధనాసుపత్రుల్లో తప్పకుండా ఉంటుంది. పిల్ల మొహం చూసి కొందరికి స్టెరాయిడ్ కాని వాపు తగ్గించే ఆయింట్‌మెంట్ ఇస్తారు, కొందరికి కొన్నాళ్ళు మాత్రలిస్తారు, అది చూసి నిర్ణయించాల్సిందే, ఇక్కడినుంచి నేను చెప్పకూడదు. అప్పటిదాకా వాసన లేని మైల్డ్ క్లెన్సర్‌తో రోజుకి రెండుసార్లు మొహం కడగడం, వాసన లేని మాయిశ్చరైజర్, ఎండలోకి వెళ్తే గొడుగో చున్నీయో, అంతే. నిమ్మకాయ, టమాటా, టూత్‌పేస్టు, బేకింగ్ సోడా, స్క్రబ్బు, బ్లీచు, ఫేషియల్ ఇవేవీ మొహం దగ్గరికి రానివ్వద్దు. సున్నిపిండి కూడా ఇప్పుడు వద్దు, చర్మం పల్చబడి ఉన్నప్పుడు పిండి రుద్దితే గీరినట్టే.

మొహం నెమ్మదించాక అసలు మొటిమల వైద్యం మొదలవుతుంది. పది, పదకొండేళ్ళకే హార్మోన్లు మొదలై చర్మం కింద నూనె గ్రంథులు పెద్దవవుతాయి, రంధ్రాల నోటి దగ్గర పొర మూసుకుంటుంది, లోపల నూనె చేరి బాక్టీరియా పెరిగి వాస్తుంది, మొటిమంటే ఇదే, మురికి వల్ల కాదు, అందుకని రోజుకి ఆరుసార్లు కడిగితే ఎండిపోయి ఇంకా చికాకు పడుతుంది. మామూలు మొటిమలకి బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం, అడాపలీన్ 0.1 శాతం లాంటివి బాగా పనిచేస్తాయి, డాక్టర్ ఏదిస్తే అది. వాడే పద్ధతి మాత్రం చీటీ మీద సరిగ్గా ఉండదు కాబట్టి చెప్తా: అడాపలీన్ రాత్రిపూట, మొహం పూర్తిగా ఆరాక, మొహం మొత్తానికి కలిపి శనగ గింజంత, మొటిమ మీద బొట్టులా పెట్టడం కాదు, మొటిమలొచ్చే ప్రాంతమంతా పల్చగా. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు చాలు, ఎందుకంటే కొంచెం పొట్టు రాలుతుంది, ఎర్రబడుతుంది, అందుకే చాలామంది పదో రోజుకే పడలేదని మానేస్తారు. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టి వాడితేగానీ ఫలితం కనపడదు. వారంలో మాయం చేసే మందేదైనా ఉందంటే అందులో ఏముందో మీకిప్పుడు తెలుసు. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలిన దిండు గలీబు, యూనిఫాం కాలరు రంగు పోతాయి, అమ్మమ్మ పట్టుచీర దగ్గర జాగ్రత్త. యాంటీబయోటిక్ జెల్ ఒక్కటే నెలల తరబడి వాడితే బాక్టీరియా మొండికేస్తుంది, దాంతోపాటు బెంజాయిల్ పెరాక్సైడ్ ఉండాలి.

తలకి నూనె సంగతి, మన ఇళ్ళల్లో గొడవంతా ఇక్కడే. స్కూల్‌కి వెళ్ళేముందు కొబ్బరినూనె కారేలా పెట్టి రెండు జడలు బిగించి వేస్తారు, ఆ నూనె నుదుటి మీదకి దిగి అక్కడంతా చిన్నచిన్న పొక్కులొస్తాయి. నూనె మానమనట్లేదు, తలస్నానానికి గంట ముందు పెట్టి కడిగేయండి. తిండి విషయంలో కోడిగుడ్డు, మామిడిపండు, చికెన్ వేడి చేసి మొటిమలొస్తాయనేది నేను ఒప్పుకోను. బాగా తీపి ఉన్నవి, కూల్‌డ్రింకులు, మైదా బిస్కెట్లు ఎక్కువైతే కొందరికి పెరుగుతాయనడానికి ఆధారం ఉంది, పాలతో కొద్దిగా ఉందంటారు, జిమ్‌కి వెళ్ళే ఇంటర్ కుర్రాళ్ళు వే ప్రోటీన్ తాగితే ఛాతీ వీపు నిండా మొటిమలొచ్చి రావడం నేను తరచూ చూస్తున్నా. అంతేగానీ ఎదిగే ఆడపిల్లకి గుడ్డు మాన్పించి చారన్నం పెట్టకండి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదో కూడా చెప్పాలి. మొటిమలు లోపల గడ్డల్లా నొప్పిగా ఉన్నా, గుంటలు పడుతున్నా, వయసుతో పోతాయిలే అని ఊరుకోవద్దు, మొటిమలు పోతాయి గానీ గుంటలు పోవు. నెలసరి మొదలై రెండు మూడేళ్ళయినా సరిగ్గా రాకుండా గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు కలిసి ఉంటే హార్మోన్ పరీక్ష చేయించాలి. మెడ వెనక, చంకల్లో నల్లగా మందంగా వెల్వెట్ గుడ్డలా అయితే అది మురికి కాదు, పీచుతో తోమి తోమి పిల్ల మెడ పుండు చేసిన తల్లుల్ని చూశాను, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయట్లేదనడానికి అది గుర్తు, బరువు చూసి షుగర్ పరీక్ష చేయించాలి.

ఇంకో మాట, మీరు నొచ్చుకోకండి. మీ లెటర్‌లో పాప నల్లబడిపోయింది అని నాలుగుసార్లు రాశారు, మొటిమలని రెండేసార్లు. ఈ వయసు పిల్లకి అద్దం ముందు జరిగేది మనకి చిన్న విషయం, తనకి కాదు, క్లాసులో ముందు బెంచీ నుంచి వెనక్కి వెళ్ళి కూర్చోవడం, ఫొటోలకి రాననడం, స్కూల్ మానతాననడం మొటిమల పిల్లల్లో నేను చూస్తూనే ఉంటాను. పెళ్ళిళ్ళలో చుట్టాలు మొహం పట్టుకుని "ఏంటే ఇలా అయిపోయావ్" అంటే అక్కడే మీరు అడ్డుపడండి. తన రంగు తన పుట్టు రంగు, దాన్ని మార్చాల్సిన పని లేదు. వైద్యం చేయాల్సింది మొటిమకీ మంటకీ. డాక్టర్ దగ్గర కూడా మొదట పాపనే మాట్లాడనివ్వండి, తను చెప్పేవి మీకు తెలియనివి ఉంటాయి.

బాబు నడుం దగ్గరకొద్దాం. మనం గజ్జి తామర అని జంటగా ఒకే మాటలా అనేస్తాం గానీ అవి రెండూ వేరు. తామర ఫంగస్, గజ్జి కంటికి ఆనని పురుగు. గుండ్రంగా, అంచు ఎర్రగా పొట్టుగా పైకి లేచి మధ్యలో మామూలుగా ఉంటే తామర. స్టెరాయిడ్ రాశాక ఆ గుండ్రం చెదిరిపోయి ఎలా పడితే అలా పాకుతుంది, డాక్టర్లే ఒక్కోసారి పోల్చుకోలేరు. గత పదేళ్ళలో మన దేశంలో తామర ఎంత మొండిదైపోయిందంటే కొత్త రకం ఫంగస్‌కి ఇండోటినే అని మన దేశం పేరు మీదే పేరు పెట్టారు, మామూలు మాత్రలకి కూడా లొంగడం తగ్గింది, ఈ మూడు మందుల ట్యూబులు ఊరంతా రాసుకోవడం దానికి ఒక పెద్ద కారణమని మా అందరి నమ్మకం.

ముందు బాబు మొలతాడు చూడండి. ఉందా? నడుం చుట్టూ తామర అంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే. చెమటకి, స్నానానికి తడిసి ఆ దారం ఎప్పటికీ ఆరదు, ఫంగస్ దాంట్లోనే కాపురం ఉంటుంది, ఎన్ని మందులు రాసినా మళ్ళీ అక్కడినుంచే అంటుకుంటుంది. నయమయ్యేదాకా తీసేయండి, ఆచారం అనుకుంటే ఆ తర్వాత కొత్తది కట్టుకోవచ్చు. మీకు లంగా బొందు దగ్గర దురద ఉందా, వాళ్ళ నాన్నకి గజ్జల్లో ఉందా అని కూడా చూసుకోండి, చాలా ఇళ్ళల్లో పిల్లాడికి తగ్గకపోవడానికి కారణం ఎవరికీ చెప్పని నాన్న దురదే. ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి వైద్యం జరగాలి. క్రీమ్ అయితే స్టెరాయిడ్ లేని ఉత్త ఫంగస్ మందు, మచ్చ దాటి చుట్టూ రెండు సెంటీమీటర్ల మేర, బయటినుంచి లోపలికి రాయాలి, మచ్చ కనపడకుండా పోయాక కూడా ఇంకో రెండు వారాలు. మీ బాబుకి ఇప్పటికే స్టెరాయిడ్ పడింది కాబట్టి క్రీమ్ ఒక్కదానితో తగ్గకపోవచ్చు, బరువుని బట్టి లోపలికి మందు ఇవ్వాల్సి రావచ్చు. తలలో తామర వచ్చి జుట్టు ఊడి పొట్టు రాలుతుంటే మాత్రం క్రీమ్‌తో ఎప్పటికీ పోదు, నోటి ద్వారా మందు తప్పదు. తువ్వాలు ఎవరిది వాళ్ళకే, బట్టలు వేడినీళ్ళల్లో ఉతికి లోపలివైపు బయటికి తిప్పి ఎండలో ఆరేయండి, వానాకాలం ఆరకపోతే ఇస్త్రీ చేసి వేయండి, తడి లోదుస్తులు వేసి స్కూల్‌కి పంపొద్దు.

ఇక రాత్రి దురద. ఇంట్లో ఒకరికంటే ఎక్కువమందికి, రాత్రయితే ఎక్కువవుతూ, వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, చంకల్లో, బొడ్డు చుట్టూ, మగపిల్లలకి మర్మాంగం మీద చిన్న పొక్కులు ఉంటే అది గజ్జి అనే నా అనుమానం, చూసినవాళ్ళు నిర్ధారించాలి. మొదటిసారి అంటుకున్నప్పుడు నాలుగు నుంచి ఆరు వారాల దాకా దురద మొదలవదు, అందుకే దసరాకి వచ్చిన పిల్లాడి వల్ల ఇప్పుడు బయటపడింది. ఆ పిల్లాడిని ఏమీ అనకండి, ఒక గదిలో అంతమంది పక్కపక్కన పడుకునే చోట ఎవరికైనా వస్తుంది, శుభ్రంగా ఉండేవాళ్ళకీ వస్తుంది, ప్రపంచమంతా ఎంత ఉందంటే 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది.

దీనికి మందు పెర్మెత్రిన్ 5 శాతం క్రీమ్. చాలామందికి ఎందుకు తగ్గదంటే దురద ఉన్నచోట మాత్రమే, దురద ఉన్నవాళ్ళకి మాత్రమే రాస్తారు. దురద ఉన్నా లేకపోయినా ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరూ, పనిమనిషి అక్కడే పడుకుంటే ఆమె కూడా, ఒకే రాత్రి రాసుకోవాలి. మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొడ్డులో, పిరుదుల మధ్య, ఒక్క అంగుళం వదలకుండా. పసిపిల్లలకైతే తలకీ మొహానికీ కూడా (కళ్ళూ నోరూ వదిలి) రాయాలి, రెండు నెలల లోపు బిడ్డ ఉంటే డాక్టర్‌ని అడక్కుండా రాయొద్దు. ఎనిమిది గంటలు తక్కువ కాకుండా ఉంచి పొద్దున్నే స్నానం, మధ్యలో చేతులు కడిగితే చేతులకి మళ్ళీ రాయాలి. వారం తర్వాత మళ్ళీ ఒకసారి అందరూ. గత మూడు రోజుల్లో వాడిన బట్టలు, దుప్పట్లు, దిండు గలీబులు వేడినీళ్ళల్లో ఉతకండి, ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో కట్టి వారం పక్కన పడేయండి, మనిషి ఒళ్ళు లేకుండా ఆ పురుగు రెండు మూడు రోజులకి మించి బతకదు. పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది, అది మందు పనిచేయలేదని కాదు, రోజూ రాసేయకండి. మీ అక్కగారికి ఫోన్ చేసి హాస్టల్ వార్డెన్‌కి చెప్పించండి, ఆ గదిలో పిల్లలందరికీ ఒకే రోజు వైద్యం జరగకపోతే సంక్రాంతికి మళ్ళీ మీ ఇంటికే వస్తుంది.

చివర్లో బాబు బుగ్గల మీద పాలిపోయిన మచ్చలు, నులిపురుగులా కాల్షియం తక్కువా అని అడిగారు. పొడిచర్మం పిల్లల్లో మూడు నుంచి పదహారేళ్ళ మధ్య ఇది చాలా మామూలు, అంచు స్పష్టంగా ఉండదు, కొద్దిగా పొట్టు ఉంటుంది, ఎండకి మిగతా మొహం కమిలితే ఇంకా కొట్టొచ్చినట్టు కనపడతాయి. మాయిశ్చరైజర్ రాస్తూ ఉంటే నెలల మీద కలిసిపోతాయి, కాల్షియం సిరప్‌తో సంబంధం లేదు. సున్నపు తెలుపులా అంచు గీసినట్టు ఉంటే బొల్లి కావచ్చు, దానికీ తొందరగా చూపిస్తే మంచి వైద్యం ఉంది. ఒకటి మాత్రం ఇంట్లోనే చూడొచ్చు, బాబు కళ్ళు మూయించి మచ్చ మీద దూదితో తాకి ఎక్కడ తాకానో చెప్పమనండి. పదేపదే చెప్పలేకపోతే స్పర్శ లేదన్నమాట, మర్నాడే పీహెచ్‌సీకి తీసుకెళ్ళండి, కుష్టు అయితే మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, పూర్తిగా నయమవుతుంది, భయపడి దాచుకుంటేనే నష్టం.

సున్నిపిండి మీరు అంత ఇష్టంగా అడిగారు కాబట్టి, మానేయమని కాదు, మామూలు చర్మానికి మెత్తగా జల్లించిన పెసరపిండి వారానికోసారి పైపైన రాసి కడిగేస్తే నష్టం లేదు. తామర, గజ్జి, ఎగ్జిమా, మొటిమలు ఏవున్నా వద్దు, పసిపిల్లల నూగు పోవాలని నలుగు గట్టిగా రుద్దడం ఎప్పుడూ వద్దు. పొడిచర్మం బాబుకి రోజూ పది నిమిషాలు దాటని గోరువెచ్చటి స్నానం, తువ్వాలుతో అద్ది ఒళ్ళు కొంచెం తడిగా ఉండగానే మాయిశ్చరైజర్, ఖర్చు అనుకుంటే కొబ్బరినూనె అయినా సరే.

డాక్టర్ దగ్గరకి వెళ్ళేటప్పుడు ఆ ఖాళీ ట్యూబ్ పారేయకుండా సంచిలో వేసుకెళ్ళండి, అట్టపెట్టె ఉంటే అదీ, ఎన్నాళ్ళు రాశారో, రోజుకి ఎన్నిసార్లు రాశారో ఒక కాగితం మీద రాసుకోండి. తిడతారేమోనని దాచకండి, అది చూస్తేనే పాపకి ఏ మందుతో మొదలుపెట్టాలో వాళ్ళకి తెలుస్తుంది. చూపించాక బాబుకి లోపలికి ఏం మందిచ్చారో, వాడి బరువెంతో రాయండి, డోసు ఎలా వేయాలో అర్థం కాకపోతే వివరంగా చెప్తాను.